సైదులు దిగిండు

మూడో రోజు పొద్దున పిట్ట ముట్టలేదు.

పూడ్చిన బొంద మీద విస్తరి వేసి సైదులుకు ఇష్టమైనవన్నీ వడ్డించారు. కోడికూర, పచ్చిపులుసు, ఉడకబెట్టిన గుడ్లు, మూత తీసిన కూల్‌డ్రింక్ సీసా. పక్కనున్న వేపచెట్టు మీద నాలుగైదు కాకులు కూర్చుని ఉన్నాయి. విస్తరి వంక చూస్తాయి, ముక్కు కొమ్మకు రాసుకుంటాయి, మళ్ళీ అటు తిరిగి కూర్చుంటాయి. కింద చుట్టాలంతా ఎండలో నిలబడి వాటి దయ కోసం ఎదురు చూస్తున్నారు. పిట్ట ముట్టందే ఎవరూ ఇంటికి పోయి మెతుకు నోట పెట్టడానికి లేదు. పోయినవాడి మనసులో ఏదో మిగిలిపోయి ఉంటుందని, అదేమిటో కనిపెట్టి మాటిస్తే గానీ వాడు వచ్చి తినడని అక్కడ అందరి నమ్మకం.

కనిపెట్టడం మొదలైంది. మేనమామ ముందుకొచ్చి, "నీ బండి అమ్మం బిడ్డా, తుడిసి గట్లనే వెడ్తం" అన్నాడు. కాకులు కదల్లేదు. అక్క మంజులత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అమ్మను బాపును నేను సూసుకుంట తమ్మీ, ఫికర్ జెయ్యకు" అంది. ఉన్న కాకుల్లో ఒకటి ఎగిరిపోయింది. "పెండ్లి గాకపాయె, గదే ఉన్నట్టుంది పోరనికి" అని పక్కింటి సత్తమ్మ సన్నగా గొణిగింది గానీ, ఆ కోరిక తీరుస్తామని మాటివ్వడానికి ఎవరికీ నోరు రాలేదు.

అప్పటిదాకా బొంద పక్కన కూలబడి ఉన్న తల్లి జంగమ్మ లేచింది. మూడు రోజులుగా దువ్వెన చూడని జుట్టు మొహం మీద పడుతుంటే వెనక్కి తోసుకుంది. వంగి, బొంద మీది పచ్చిమట్టి గుప్పెడు తీసుకుంది.

"నిన్ను సంపినోన్ని నేనిడ్వ కొడుకా" అంది. గొంతు పెద్దది చేయలేదు, ఇంట్లో కొడుకుతో మాట్లాడినట్టే అంది. "రఘుపతి గాని ఇంటి మీద మన్ను వోస్త. ఆని నౌకరి ఊడగొడ్త. ఆడు నా లెక్క ఏడ్సుడు సూసినంకనే నేను సస్త. నువ్వచ్చి తిను."

కాకి దిగింది. కోడిముక్క ఒకటి ముక్కున కరుచుకుంది. దాని వెనకే ఇంకోటి దిగింది. "ఇన్నడు, ఇన్నడు" అని ఆడవాళ్ళంతా ఒక్కసారి ఏడ్చేశారు. కాకికి ఎండకు ఆకలేసిందో, సైదులుకు నిజంగానే పగ ఉందో, తేల్చి చెప్పగలిగినవాళ్ళు అక్కడ లేరు. అంతమంది ముందు పిట్ట ముట్టింది గనక ఇక అది జంగమ్మ ఒక్కదాని కోపం కాదు, చచ్చినవాడి మాట. తండ్రి మారయ్య మాత్రం తలెత్తి చూడలేదు. కండువా నెత్తిన కప్పుకుని, కాళ్ళ మధ్య నేల చూస్తూ కూర్చున్నాడు.

రఘుపతి పక్క ఊళ్ళో కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. మనిషిని చూస్తే ఒకరికి అపకారం చేసేవాడిలా ఉండడు, కానీ జంగమ్మకు ఇప్పుడు అలాంటి మొహాల మీద గౌరవం పోయింది.

ఆ ఊళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. బత్తాయి తోటల దగ్గరుండే ట్రాన్స్‌ఫార్మర్లకు స్విచ్చులు ఎప్పుడో తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. లైన్‌మన్ ఒక్కడు, ఊళ్ళు ఎనిమిది. ఫీజు పోతే రైతే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి "అన్నా, జర లైన్ బంద్ వెట్టు" అంటాడు. ఆపరేటరు బంద్ పెడతాడు. రైతు దిమ్మె ఎక్కి ఫీజు తీగ కట్టి, కిందికి దిగి, "ఏస్కో అన్నా" అంటాడు. ఆపరేటరు వేస్తాడు. ఇది తప్పని అందరికీ తెలుసు. ఎండాకాలం ఇలా చేయకపోతే తోట ఎండిపోతుందనీ అందరికీ తెలుసు. ఆ శుక్రవారం సైదులు బంద్ పెట్టమన్నాడు, రఘుపతి పెట్టాడు. సైదులు ఇంకా పైనుండగానే రఘుపతి వేసేశాడు. ఊరికి తెలిసింది ఇంతే. జంగమ్మకు ఇంతకన్నా అక్కర్లేదు.

నాలుగో రోజు తెల్లారగానే ఆమె తోటకు పోయింది. తోట చివర, చెట్ల వెనకాల ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కింద కూర్చుని, కొడుకు పడిన చోట వేళ్ళతో మట్టి గోకింది. ఎండకు గట్టిపడ్డ నేల. గోళ్ళ కింద మట్టి ఇరికి నెత్తురు కారినా ఆపలేదు. కొంగు నిండాక ముడివేసి, ఆ మూట పసిపిల్లను పట్టుకున్నట్టు కడుపుకు ఆనించుకుని సడక మీద నడిచింది. ఒక ఆటోవాడు ఆపి, "ఎక్కు చిన్నమ్మా, దించుత" అన్నాడు. ఆమె వాడి వంక చూడనైనా చూడలేదు.

రఘుపతి కిరాయికి ఉండే ఇల్లు సబ్‌స్టేషన్ గోడ పక్కనే. అతని భార్య మనీష అప్పుడే వాకిలి చల్లి ముగ్గేస్తోంది. చంకలో ఏడాది నిండని బిడ్డ. జంగమ్మ కొంగు విప్పి రెండు చేతులా మన్ను ఎత్తి గడప మీద, తలుపు మీద, ముగ్గు మీద పోసింది.

"నీ ఇల్లు గూల. నీ ఇంట్ల దీపం వెట్టెటోడు లేకుంట వోవాలె. నా కడుపు గాలినట్టు నీ కడుపు గాలాలె."

చంకలో బిడ్డ బెదిరి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నా జంగమ్మకు జాలి కలగలేదు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, దాహానికి నీళ్ళు తాగినట్టయింది. ఇంకో గుప్పెడు పోసింది.

రఘుపతి లోపలినుంచి వచ్చాడు. లుంగీ మీదున్నాడు, రాత్రి డ్యూటీ కళ్ళు. వచ్చి గడపలో నిలబడ్డాడు. ఆమె ఈసారి అతని మీదే పోసింది. జుట్టులో, భుజాల మీద మన్ను పడ్డా దులుపుకోలేదు.

"మన్ను పొయ్యి పెద్దమ్మా" అన్నాడు. "పొయ్యి."

కాళ్ళ మీద పడితే తన్నేది, ఎదురు తిరిగితే మీద పడి రక్కేది. ఇలా నిలబడేవాణ్ణి ఏం చేయాలో ఆమెకు తోచలేదు. దాంతో కోపం ఇంకా పెరిగింది.

ఐదో రోజూ పోయింది, ఆరో రోజూ పోయింది. ఊళ్ళో జంగమ్మ పేరు మారుమోగింది. "తల్లంటే గట్లుండాలె" అన్నారు. ఎప్పుడూ పలకరించని పెద్దింటి ఆడవాళ్ళు కూడా సడక మీద నిలబెట్టి మంచినీళ్ళిచ్చారు. సోమవారం కరెంటు పెద్దసారు ఊరికి వచ్చి, పంచాయతీ ఆఫీసు ముందు అందరినీ అడిగి తెలుసుకుంటాడని, జంగమ్మ ఏం చెబితే దాన్ని బట్టి రఘుపతి నౌకరీ ఉండేదీ ఊడేదీ తేలుతుందని కబురు వచ్చింది. పోలీసుల సంగతి ఆ తర్వాత. జంగమ్మ సోమవారం కోసం ఎదురు చూడసాగింది. తిండి తినకపోయినా, కన్ను మూయకపోయినా, ఆ ఎదురుచూపు ఒక్కటే ఆమెను నిలబెట్టింది.

ఆరో రోజు మన్ను పోస్తుంటే మనీష ఇక ఓర్చుకోలేకపోయింది. చీపురు కింద పడేసి ముందుకొచ్చింది.

"అడిగినంకనే ఏసిండమ్మా మా ఆయన. దిగిండా అని ఫోన్ జేసి అడిగినంకనే ఏసిండు. దిగిండన్నరు. ఊకనే ఏసిండా?"

"నువ్వు లోపలికి పో" అన్నాడు రఘుపతి.

"ఎందుకు వోవాలె? ఎన్ని పొద్దులు వడ్తవ్ ఈ మాటలు?"

"పొమ్మన్న గదా." అతను భార్యను అంత గట్టిగా కసరడం జంగమ్మ అప్పుడే చూసింది. మనీష బిడ్డను తీసుకుని లోపలికి పోయింది. జంగమ్మకు అదంతా ఆలుమగలు కూడబలుక్కుని ఆడుతున్న నాటకంలా కనబడింది. అడిగాడట. ఎవరిని అడిగాడు, దయ్యాన్నా? తిరిగొస్తూ దారి పొడుగునా ఆ మాటే అనుకుని పళ్ళు కొరికింది.

తోటలో మారయ్య చెట్లకు నీళ్ళు పెడుతున్నాడు. చావు తర్వాత రెండు రోజులకే లైన్‌మన్ వచ్చి ఫీజు కట్టిపోయాడు, మోటారు నడుస్తోంది. ఒక పాదు నిండగానే మారయ్య పారతో మట్టి తీసి కాలువకు అడ్డం వేస్తాడు, పక్క పాదుకు గండి కొడతాడు. నీళ్ళు అటు మళ్ళుతాయి. నిండేదాకా పార మీద చేతులానించి నిలబడతాడు. ఎప్పుడూ చెట్టు చెట్టుకూ మాట్లాడుతూ, ఆకు తిప్పి చూస్తూ తిరిగే మనిషి, ఇప్పుడు నీళ్ళ వంక తప్ప ఎటూ చూడడం లేదు.

"పొద్దుగాల్నే లేసి తోటకు వచ్చినవా?" అంది జంగమ్మ గట్టు మీద నిలబడి. "నీకు కొడుకు గాదా ఆడు? నీ రక్తం సల్లవడ్డదా? ఒక్కనాడన్న నా యెంట రాకపోతివి."

"మన్ను వోస్తె వస్తడా?" అన్నాడు మారయ్య.

"రాడు. గానీ ఆడు గూడ ఉండొద్దు."

"ఇగ ఇడ్శెయ్యరాదే జంగమ్మా."

"ఇడ్శిపెట్టాల్నా?" ఆమె గట్టు దిగి వచ్చి అతని చేతిలో పార లాగి అవతల పారేసింది. "నీ అసొంటోడు మొగనిగ దొరికిండు గాబట్టే ఆడు ధీమగ గడపల నిలవడ్డడు. మొగోడు పోయి అంగి గల్ల వడ్తే తెలుస్తుండె ఆనికి."

మారయ్య పోయి పార తెచ్చుకున్నాడు. అప్పటికే పాదు నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర కొడుకు ఫోన్ మోగింది. మంజులత దాన్ని చార్జింగుకు పెట్టి గూట్లో ఉంచింది. కబురు తెలియని దోస్తెవడో చేసి ఉంటాడు. మారయ్య కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, చెయ్యి కడగకుండా బయటికి పోయాడు. పాపం, గుండె తట్టుకోలేదు అనుకుంది జంగమ్మ. పొద్దున అన్న మాటలకు ఆమెకు కొంచెం బాధ కూడా వేసింది.

శనివారం అల్లుడు వచ్చాడు. ఇతని పేరూ సైదులే. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని కన్న పిల్లలందరికీ ఆ సైదన్న పేరే పెడతారు గనక, నల్లగొండ పోయే బస్సులో నిలబడి సైదులూ అని పిలిస్తే డ్రైవరుతో సహా సగం మంది తిరిగి చూస్తారు. ఇంట్లో ఇద్దరు సైదులు అయ్యాక ఒకణ్ణి చిన్నోడని, ఒకణ్ణి అల్లుడని పిలుచుకుంటూ వచ్చారు. అల్లుడు నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద టైర్ల పంచరు దుకాణం పెట్టుకున్నాడు. మంచివాడు, మాటకారి. కొడుకు పోయిన రోజు కూడా మంజులతను తీసుకుపోదామనే వచ్చాడు, వచ్చినవాడు వచ్చినట్టే పాడె మోయాల్సి వచ్చింది.

జంగమ్మ వాకిట్లో కూర్చుని దినాల వంటకు చింతపండు గింజలు తీస్తోంది. ఎడమచేత్తో పండు రాయి మీద పెట్టి, కుడిచేతి ఇనుపకడ్డీతో ఒక్క దెబ్బ కొడితే గింజ పక్కకు ఎగురుతుంది. అల్లుడు ఎదురుగా గోడకానుకుని కూర్చున్నాడు. అత్తను కాస్త మరిపించాలని మాట్లాడుతున్నాడు. పోయినవాడి మంచితనం, క్రికెట్ ఆట, వాడు బండి నడిపే తీరు, అన్నీ అయ్యాయి. ఇక మామ మీదికి వచ్చాడు.

"మామను జూస్తె పానం ఉసూరుమంటది అత్తమ్మా. ఆ పొద్దు నన్ను జూసి ఎంత సంబురవడ్డడనుకున్నవ్. ఆటోలకెల్లి నేను కాలు కింద వెట్టిన్నో లేదో, మామ తోట కాడికెల్లి ఎదురొస్తుండు. చెవుల ఫోను. 'ఆఁ, దిగిండు, గిప్పుడే దిగిండు' అంటుండు నన్నే జూస్కుంట. నవ్వుతుండు. మా బాపు చేసిండేమో, నేను దిగిన్నా లేదా అని అడుగుతుండేమో అనుకున్న. ఇంటికి వొయ్యినంక బాపును అడిగితె నేను చెయ్యలే అన్నడు. ఎవలు చేసిండ్రో మరి."

ఇనుపకడ్డీ రాయి మీద పడింది. గింజ ఎగిరింది.

"ఏ ఫోను?" అంది జంగమ్మ.

"ఏందత్తమ్మా?"

"మీ మామ చెవుల వెట్టుకున్నది ఏ ఫోను?"

"చిన్నోనిదే. గా నల్లది. పోల్ ఎక్కెటప్పుడు జేబుల ఉంటె అడ్డమని మామకిచ్చిపోయినట్టుండె."

జంగమ్మ ఇంకో పండు తీసి రాయి మీద పెట్టింది. కొట్టింది. అది చితికిపోయింది గానీ గింజ రాలేదు. వేళ్ళతో పెరికి తీసింది. అల్లుడు ఆ తర్వాత ఏవేవో చెప్పాడు. ఆమె ఊఁ కొట్టింది. గంప అడుగుకు వచ్చేదాకా కొడుతూనే ఉంది. లేచేసరికి ఎడమచేతి బొటనవేలు కమిలి నల్లబడింది, ఎప్పుడు తగిలిందో తెలియలేదు.

మర్నాడు కూడా ఆమె తోటకు పోయి మన్ను తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఆమెకే తెలియదు, చేతులు అలవాటు కొద్దీ గోకాయి. సబ్‌స్టేషన్ దగ్గరికి పోయేసరికి రఘుపతి గేటు దగ్గరే ఉన్నాడు. రోజూ లాగే ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆమె కొంగు విప్పలేదు.

"ఎవల్ని అడిగినవ్?" అంది.

రఘుపతి కళ్ళు దించుకున్నాడు. "ఎవలనైతేంది పెద్దమ్మా. ఏసింది నేను."

"చిన్నోని ఫోనుకు చేసినవ్. సైదులు దిగిండా అన్నవ్. దిగిండన్నరు. గొంతు నీకు తెల్వదా?"

రఘుపతి గేటుకున్న గొలుసు పట్టుకుని ఒక్కో కడియం జరుపుతూ నిలబడ్డాడు.

"తెలుసు" అన్నాడు చివరికి. "పెద్దమనిషి గొంతు తెల్వకుంటదా? గానీ కొడుకును వోగొట్టుకున్నోడు. గీ మాట గూడ నెత్తిన వెట్టాల్నా? నీ వల్లనే వోయిండని నేను ఎట్ల జెప్పాలె? ఆయనకు ఎరుకనో లేదో గూడ నాకు తెల్వదు. అయినా, ఎక్కినోడే ఏస్కో అనాలె. ఇంకెవలో ఫోనెత్తి దిగిండంటె ఏసుడు నా తప్పే. గందుకే నేను నిన్ను ఆపలే."

జంగమ్మ కొంగుముడి బిగించి పట్టుకుంది. వారం రోజులుగా ఈ మనిషి చావు కోరుకుంది. వీడి చంటిపిల్ల ఏడిస్తే సంతోషపడింది. ఇప్పుడు కూడా వీణ్ణి క్షమించాలని ఆమెకు లేదు. కోపం ఏమీ తగ్గలేదు. పోవాల్సిన చోటు మారింది, అంతే.

కొంగుమూట అలాగే పట్టుకుని వెనక్కి నడిచింది.

మారయ్య తోటలో కాలువ గట్టున కూర్చుని ఉన్నాడు. ఆమె వెనకనుంచి వచ్చి, ఒక్కమాట కూడా అనకుండా కొంగు విప్పి మన్నంతా అతని నెత్తిన పోసింది. కండువా మీదినుంచి మెడలోకి, ఒళ్ళోకి జారింది. మారయ్య ఉలిక్కిపడలేదు. దులుపుకోలేదు. ఎన్నాళ్ళ నుంచో దీనికోసమే కూర్చున్నవాడిలా తల వంచాడు.

"ఎవలు జెప్పిండ్రు?" అన్నాడు.

"నీకు ఎప్పుడెరుక?"

"చిన్నోడు ఒర్లిన కేక ఇనవడ్డప్పుడే. ఫోను ఇంక చేతులనే ఉండె." అతను కాలువ నీళ్ళ వంకే చూస్తున్నాడు. "అల్లుని బాపు, బీరప్ప బావ అనుకున్ననే. అల్లుడు దిగిండా అని అడిగినట్టే ఇనవడ్డది. ఎదురుంగ అల్లుడు దిగవట్టె. దిగిండన్న. చిన్నోడు చెట్ల యెనుక ఉన్నడన్న సోయి నాకు లేకపాయె."

జంగమ్మ అతని ఎదుటికి వచ్చి కూర్చుంది. ఇద్దరి మధ్యా కాలువ పారుతోంది.

"ఆ మాటకు నేను నిన్ను ఏమనను" అంది. "నేనున్నా గట్లనే అందునేమో. గానీ రోజు పొద్దున లేసి నేను మన్ను గీక్కొని వోతుంటె నువ్వు ఈన్నే ఉన్నవ్. నా గోర్లు ఊడవట్టె, సూసినవ్. మంది ఇంటి మీద వోసి, మంది బిడ్డను తిట్టి వస్తె, నీళ్ళు గట్టుకుంట నిలవడ్డవ్. మొగనివి గాదు అంటె గూడ పడ్డవ్. నోరు దెరవలే."

"భయమైంది."

"ఎవల్ని జూసి?"

"నిన్ను" అన్నాడు మారయ్య. "నువ్వు ఇగ నా దిక్కు జూడవని."

ఆ మాటకు ఆమెకు ఏడుపు రావాలి. ముప్పై ఏళ్ళ కాపురం. కానీ ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది. తన చూపు కోసమే ఒకడి బతుకు తనచేత కూలదోయించబోయాడు.

మారయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "రేపు సారొస్తడు గద. ఊరందరి ముంగట జెప్త. జెయిలుకు వంపిన సరే, ఉమ్మేసినా సరే. జెప్పినంక నాకింత నిమ్మలమైతది జంగమ్మా. ఈ వారం నేను పడ్డది పగోడు గూడ పడొద్దు." చెబుతుంటేనే అతని భుజాలు కాస్త సడలాయి. చెప్పబోయే మాటే అతనికి అప్పుడే సగం ఊరట ఇచ్చినట్టుంది.

జంగమ్మ అది చూసింది. నిమ్మలమట. ఆ మాట ఆమె చెవిలో ముల్లులా దిగబడింది. లేచి, చీర దులుపుకుని ఇంటికి పోయింది.

సోమవారం పంచాయతీ ఆఫీసు ముందు వేసిన టెంటు కింద ఊరంతా చేరింది. కరెంటు పెద్దసారు కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. ఒక పక్క రఘుపతి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అల్లుడు ముందురోజే దుకాణానికి తిరిగి పోయాడు. జంగమ్మను చూడగానే ఆడవాళ్ళు జరిగి ముందు జాగా ఇచ్చారు. సత్తమ్మ ఆమె వీపు నిమిరి, "ఇడ్వకు వదినా, గట్టిగ జెప్పు" అంది.

సారు మొదట రఘుపతిని అడిగాడు. "లైన్ ఎందుకు వేశావయ్యా?"

"అడిగిన సారూ. సైదులు ఫోనుకే చేసి అడిగిన. దిగిండన్నరు."

జనంలో గోల లేచింది. "ఎవలన్నరు? అబద్ధాల కోరు" అని కేకలు వేశారు. సారు చెయ్యెత్తి ఆపాడు. "ఎవరన్నారు? ఫోన్ ఎత్తిందెవరు?"

రఘుపతి తల అడ్డంగా ఊపాడు. వెనక వరసలో మారయ్య లేచాడు. ఉతికిన ధోతి కట్టుకుని, గడ్డం గీసుకుని వచ్చాడు. పండక్కి తయారైనట్టు ఉన్నాడు. "సారూ" అని గొంతు సవరించుకున్నాడు.

"నేనెత్తిన" అంది జంగమ్మ.

ముందు వరసలోని ఆడవాళ్ళు ఆమె వైపు తిరిగారు. ఆమె సారు వైపే చూస్తూ చెప్పింది. "ఫోను నా కాడుండె. మా అల్లుని పేరు గూడ సైదులే. ఆ పొద్దు ఆటోల వచ్చిండు. సైదులు దిగిండా అంటె, అల్లుని సంగతే అడుగుతుండ్రనుకొని దిగిండన్న. నేనన్నంకనే ఏసిండు. నా తప్పు కప్పిపెట్టుకోనీకి వారం సంది ఈయన ఇంటి మీద మన్ను వోసిన."

సత్తమ్మ చెయ్యి ఆమె వీపు మీదినుంచి మెల్లగా జారిపోయింది.

"అబద్ధం సారూ" అన్నాడు మారయ్య. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "అది తోటల్నే లేదు. నేనెత్తిన. నేనే అన్న. దీనికేం తెల్వదు."

సారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ చూపులో జాలి ఉంది, మారయ్య మీద. "ఏమయ్యా, ఆడగొంతా, మగగొంతా?" అని రఘుపతిని అడిగాడు.

రఘుపతి జంగమ్మ వంక చూశాడు. ఆమె కళ్ళు ఎటూ కదల్లేదు. ఆమె ఏం చేస్తోందో అతనికి అంతు పట్టలేదు గానీ, కాదనడానికి ధైర్యం చాలలేదు. "ఆటో సప్పుడుండె సారూ. సరిగ్గ గుర్తు లేదు" అన్నాడు.

సారు తేల్చేశాడు. ఎక్కినవాడితో మాట్లాడకుండా వేయడం తప్పే గనక రఘుపతికి వేరే ఊరికి బదిలీ, నౌకరీ మాత్రం ఉంటుంది. మిగతాది ఇంటివాళ్ళ కర్మ. మారయ్య ఇంకా "నేనే సారూ, నా మాటిను" అంటుంటే ఇద్దరు ముసలివాళ్ళు వచ్చి చెరో రెక్క పట్టుకుని, "ఊకో మారయ్యా, ఊకో. పెండ్లాం మీద అంత పావురం, ప్రేమ ఉంటె ఏం జేస్తం" అని పక్కకు తీసుకుపోయారు. ఆడవాళ్ళు జంగమ్మకు దారి ఇచ్చారు. ఈసారి చీర కొంగులు తగలకుండా ఎడంగా జరిగారు. ఎవరో ఉమ్మిన చప్పుడు వినబడింది.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఆమె ముందు, అతను వెనక.

"ఎందుకు జెప్పినవే గట్ల?" అన్నాడు మారయ్య. అడుగు పెంచి ఆమె పక్కకు వచ్చాడు. "నన్ను కాపాడనీకా?"

జంగమ్మ ఆగింది.

"నిన్నా?" అంది. "జెప్పి నిమ్మలం గావాలనుకున్నవ్. నా కొడుకు వోయిండు, నాకు నిమ్మలం లేదు. నీకెందుకుండాలె? నువ్వన్న మాట నీకెరుక, నాకెరుక. రేపటి సంది ఊరంత నన్ను ఉమ్మేస్తది, నిన్ను జూసి అయ్యో అంటది. ఆ అయ్యో నువ్వు తినాలె, పండాలె, లేవాలె. సచ్చేదాక."

మళ్ళీ నడిచింది. మలుపు దగ్గర సత్తమ్మ వాళ్ళను దాటి పోతూ జంగమ్మ వైపు మొహం తిప్పుకుంది. మారయ్య ఆమెకు అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"సత్తమ్మా, ఫోనెత్తింది నేనే. చిన్నోని మీద ఒట్టు."

సత్తమ్మ అతని మొహం చూసి కళ్ళు ఒత్తుకుంది. "నాకెరుకనే అన్నా, నువ్వెంత మంచోనివో" అంది. "గంత జేసినదాన్ని గూడ ఎనకేసుకొస్తున్నవ్. ఇంటికి వొయ్యి ఇంత తిను."

జంగమ్మ అప్పటికే మలుపు తిరిగి తోటవైపు నడుస్తోంది. మధ్యాహ్నం కరెంటు వచ్చే వేళయింది, ఇంకా రెండు వరసల చెట్లకు నీళ్ళు పెట్టాల్సి ఉంది. మారయ్య సడక మధ్యలో నిలబడి, ఇంకెవరైనా వస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు.